బకాయి గడి

"భార్య వృత్తి అని ఉంది చూడు, అక్కడ 'ఏమీ లేదు' అని రాయి" అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

రాశాను. ఎడమచేతి కింద అప్పుడు ఒక చొక్కా జేబు ఉంది. పెన్ను కక్కిన సిరా జేబంతా పాకి ఎండిపోయిన మొండి మరక. షాపు మూతపడకముందు ఎవరో ఇచ్చి వెళ్ళారు, మళ్ళీ రానే లేదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తారు కదా అని, జేబు కింద పాత గుడ్డ పెట్టి స్పిరిట్‌లో ముంచిన దూదితో అద్దుతున్నాను. ఆ చేత్తో అద్దుతూనే ఈ చేత్తో 'ఏమీ లేదు' అని గుండ్రంగా, కుదురుగా రాశాను. నా చేతిరాత బాగుంటుంది. అందుకే ఈ ఇంట్లో ఏ కాగితమొచ్చినా ముందు నా దగ్గరికే వస్తుంది. సంతకం దగ్గరికొచ్చేసరికి ఆయన దగ్గరికి పోతుంది.

అప్పటికి జబ్బు వచ్చి ఊరు తలుపులు మూసుకుని మూడో నెల. మాది లాండ్రీ. కింద షాపు, పైన ఇల్లు. వీధి చివరి లాడ్జీ దుప్పట్లూ, హోటల్ వాళ్ళ బల్లగుడ్డలూ, ఆఫీసులకెళ్ళేవాళ్ళ చొక్కాలూ, ఇవే మా బతుకు. లాడ్జీలో మనిషి దిగితే కదా దుప్పటి మాసేది. ఆఫీసు ఇంట్లోకే వచ్చేశాక ఇస్త్రీ చొక్కా ఎవరికి కావాలి? అలా చేతులు ముడుచుకు కూర్చున్న రోజుల్లో ప్రభుత్వం రెండు సహాయాలు ప్రకటించింది. ఒకటి ఇళ్ళకి. ఇంట్లో సంపాదన లేనివాళ్ళు ఎంతమంది ఉంటే తలకింత చొప్పున ఇంటి యజమాని ఖాతాలో వేస్తారు. రెండోది చిన్న దుకాణాలకి. పనివాళ్ళని తీసేయకుండా ఉంచుకుంటే ఆరునెలల జీతం నేరుగా వాళ్ళ ఖాతాల్లోనే పడుతుంది, దుకాణం అద్దె కూడా ప్రభుత్వమే కడుతుంది. అద్దె అనే మాట వినగానే మా ఆయన మొహం నెల రోజుల తర్వాత వెలిగింది.

మొదటి ఫారంలో నేను ఏమీ చేయనిదాన్ని. పది నిమిషాలు తిరక్కుండా అదే పెన్నుతో రెండోది మొదలుపెట్టాం.

"కనీసం ముగ్గురు పనివాళ్ళుండాలంట. మనకి ఇద్దరే" అని ఆయన పెదవి విరిచాడు. ఇస్త్రీ చేసే అక్క ఒకావిడ. మూటలు తెచ్చే బండి బాబాయ్ ఒకాయన. ఉతికే మనిషి జబ్బు మొదలవగానే సొంతూరికి నడిచి వెళ్ళిపోయాడు. "సరే, మూడోది నీ పేరు రాసెయ్."

"నా పేరా?"

"నీ పేరే. ఎవడొచ్చి చూస్తాడు? పని దగ్గర 'మరకలు తీయడం' అని రాయి. వినడానికి బాగుంటుంది."

"ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారు అని ఉంది."

ఆయన ఫ్యాను వైపు చూసి కాసేపు ఆలోచించాడు. నవ్వొచ్చింది ఆయనకి. "తొమ్మిదేళ్ళు అని పడెయ్. కొండంత అబద్ధమాడితే ఎవడికీ అనుమానం రాదు."

నా పెన్ను ఆగిపోయింది. పాపకి మూడు నెలలు నిండగానే నేను కిందకి దిగాను. పాపకి మొన్ననే తొమ్మిదేళ్ళూ మూడు నెలలూ నిండాయి. ఆయన నోటికొచ్చిన అబద్ధం చెప్పాననుకున్నాడు. అది నెలతో సహా నిజం. తొమ్మిది అని రాశాను, అంతే.

చివరి నిలువు వరసలో పేరుకో గడి ఉంది. బకాయి ఉన్న జీతం, ఎన్ని నెలలు. "గీతలు కొట్టెయ్. మనం ఎవరికీ బకాయి లేం" అన్నాడు. అక్క పేరుకెదురుగా గీత కొట్టాను. బాబాయ్ పేరుకెదురుగా కొట్టాను. నా పేరు దగ్గరికొచ్చేసరికి పైన పాలు పొంగుతున్న వాసన. పరుగెత్తాను. స్టవ్ తుడిచి కిందకొచ్చేసరికి ఆయన రెండు ఫారాల మీదా సంతకాలు పెట్టేసి కవర్లు అంటించేశాడు. ఆ గడి అలా ఖాళీగానే వెళ్ళిపోయింది.

మా ఇంట్లో ఒక బెల్లుంది. దాని గురించి చెప్పకపోతే ఈ తొమ్మిదేళ్ళు ఎవరికీ అర్థం కావు. పాప పుట్టాక ఆయనే పెట్టించాడు, కింద కౌంటర్ దగ్గర మీట, పైన వంటింట్లో గంట. ఒకసారి మోగితే టీ. రెండుసార్లు మోగితే ఏదో మరక వచ్చిందని. మూడుసార్లు మోగితే ఎవరో గొడవపడుతున్నారు, నువ్వొచ్చి నిలబడితే మర్యాదకి తగ్గుతారు అని. పిల్లకి నీళ్ళు పోస్తుంటే రెండుసార్లు. నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వస్తే రెండుసార్లు. నోట్లో ముద్ద పెట్టుకుంటే ఒకసారి. షాపు వెనక తెర కట్టి ఉంటుంది, ఆ తెర వెనక నా బల్ల. నెత్తురైతే చన్నీళ్ళు, నూనైతే సుద్దపొడి, సిరా అయితే స్పిరిట్, ఏమిటో తెలియనిదైతే ముందు వాసన చూడటం. నా బొటనవేలి చర్మం బట్టల సోడాకి చిట్లి, చలికాలమొస్తే చొక్కా గుండీ కూడా పెట్టుకోలేనంత మంట. తెరకి ఇవతల మా ఆయన్ని అందరూ 'మరకల మాస్టర్' అంటారు. ఒకసారి లాడ్జీ మేనేజర్ ఏదో పెద్దమనిషి కోటు అందుకుని, "మాస్టారూ, మీ చేతిలో ఏముందండీ!" అని మురిసిపోయాడు. తెర వెనకనుంచి విన్నాను. ఇప్పుడైనా చెబుతాడేమో అని దూది పట్టుకుని అలాగే నిలబడ్డాను. "ఏదో అనుభవం" అన్నాడాయన. ఆ రోజు అడిగాను కూడా, సిగ్గు విడిచి. "నువ్వు చేస్తున్నావని చెబితే కోటు ఇచ్చిపోతాడా? అయినా నువ్వు చేసేది చేతిసాయం. పని వేరు, చేతిసాయం వేరు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేశాను? అన్నం వడ్డించాను.

ఇంటి సహాయం నెలలోపే ఆయన ఖాతాలో పడింది. పడ్డ వారానికే వాళ్ళ తమ్ముడి పాత కారు బాగుచేయించడానికి వెళ్ళిపోయింది. నా 'ఏమీ లేదు'తో ఊళ్ళో ఒక కారు నడుస్తోందన్నమాట. షాపు సహాయం మాత్రం రాలేదు. బదులుగా ఒక ఉత్తరం వచ్చింది. రెండు దరఖాస్తులూ ఒకే బల్ల మీదకి చేరాయట. ఒకే చేతిరాత, ఒకే గుర్తింపు నంబరు, ఒకే మనిషి. ఒకదాంట్లో ఏ పనీ లేదు, ఇంకోదాంట్లో తొమ్మిదేళ్ళ అనుభవం. ఏది నిజమో రేపు ఉదయం పదింటికి అధికారి స్వయంగా వచ్చి తేలుస్తారు, షాపు మూతపడకముందు ఆరునెలల జీతాల రిజిస్టర్ సిద్ధంగా ఉంచండి, అని ఉంది. దొంగ పేరు రాసినట్టు తేలితే షాపు దరఖాస్తు మొత్తం రద్దు.

మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు. మొదట నామీదే విరుచుకుపడ్డాడు. "రెండింట్లో ఒకే చేతిరాత ఏమిటే? ఒకటి కాస్త వంకరగా రాసి చావొచ్చుగా!" ఆ తర్వాత మధ్యాహ్నమంతా నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "షాపులో పని చేస్తున్నానని చెప్పు. పొద్దున తొమ్మిదింటికి వస్తాను, సాయంత్రం ఏడింటికి వెళ్తాను అను. తడబడకు. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు కింద చూస్తావు, అలా చూడకు."

"ఏడింటికి వెళ్తానా? రాత్రి దుప్పట్లు లెక్కపెట్టేదెవరు?"

"అదిగో, అతి చేయకు. నమ్మరు."

అత్తయ్య ఆ మాటలన్నీ వింటూ కిటికీ దగ్గర కూర్చుంది. ఆవిడ బాధ వేరు. "ఇంటి కోడలు జీతగత్తె అని సర్కారు కాగితంలోకెక్కితే మన పరువేం కాను? మా కాలంలో నేనూ చేశాను షాపులో. ఉతికాను, పిండాను, ఆరేశాను. జీతమని నోరెత్తానా?" అంది. నేను ఆవిడ చేతుల వైపు చూశాను. బొటనవేలి పక్కన నాకున్నట్టే తెల్లటి మచ్చ, సోడా తిన్న చోటు. ఆవిడ నా చూపు గమనించి చెయ్యి ఒడిలోకి తీసుకుంది. ఎవరినీ అడగనట్టు, "అప్పుడే తొమ్మిదేళ్ళయిందా నీకు?" అంది. అయింది అత్తయ్యా అన్నాను. "నాకెన్నో..." అని మొదలుపెట్టి, ఎక్కడో లెక్క తప్పి, మాట మార్చేసింది.

అసలు గుబులు నాది కాదు, ఇస్త్రీ అక్కది. షాపు మూసినప్పటినుంచీ ఆవిడకి చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇద్దరాడపిల్లలు, మంచాన పడ్డ తల్లి. సాయంత్రం వెనక గుమ్మం దగ్గరికొచ్చి, మాస్కు సర్దుకుంటూ, "చెల్లీ, ఇంటాయన సామాను బయట పెట్టిస్తానంటున్నాడు. రేపు నువ్వు చెప్పే మాట మీదే ఉన్నాం మేము" అంది. నీకేం కానివ్వను అక్కా అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

పొద్దున తొమ్మిదిన్నరకి బెల్లు నాలుగుసార్లు మోగింది. నాలుగుకి అర్థమేమిటో మా మధ్య ఒప్పందం లేదు. కిందకెళ్ళాను. కౌంటర్ మీద జీతాల రిజిస్టర్ తెరిచి ఉంది. ప్రతి నెలా అక్క సంతకం, బాబాయ్ వేలిముద్ర. వాటి కింద ఇరుకుగా, కొత్త సిరాతో, ఆయన చేత్తో నా పేరు. పక్కన జీతం మొత్తం, అక్కకిచ్చేదాంట్లో సగం. దాని పక్కన 'ముట్టినది' అని రాసి సంతకానికి చోటు. అలాంటివి ఆరు.

"గబగబా పెట్టెయ్. ఇదిగో, నాలుగు రకాల పెన్నులు తెచ్చాను. నెలకొకటి మార్చు" అన్నాడు.

నిన్నంతా నేర్పినవి చెప్పడానికి నాకే అభ్యంతరమూ లేదు, అవి దాదాపు అన్నీ నిజాలే. ఇది మాత్రం పచ్చి అబద్ధం. ఈ ఒక్కదాని మీద నా సంతకం కావాలి ఆయనకి.

"తీసుకోనిదానికి ముట్టిందని ఎలా పెట్టను?"

"ఏమిటీ కొత్తగా! తిండి పెట్టట్లేదా? బట్టలు కొనట్లేదా? జబ్బు చేస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళట్లేదా? అదంతా ఏమిటి మరి?"

"అక్కకి కూడా రోజూ టీ ఇస్తున్నాం. జీతమెందుకిస్తున్నాం మరి?"

"ఆవిడా నువ్వూ ఒకటా?"

ఒకటైతే ఎంత బాగుండేదో. నెలాఖరున ఆవిడ రిజిస్టర్ ముందుకొచ్చి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, రవికలో దోపుకుని, అప్పుడు సంతకం పెట్టేది. ఆ రెండోసారి లెక్కపెట్టడం చూడటానికే నేను తెర పక్కకి జరిపేదాన్ని. అసూయ అని ఒప్పుకోవడానికి సిగ్గేసేది ఇన్నాళ్ళూ. అసూయే.

మా ఆయన గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించినప్పుడే నాకు ఎక్కువ భయం. "విను. నువ్వు సంతకం పెట్టకపోతే షాపు పోతుంది. అక్క రోడ్డున పడుతుంది. బాబాయ్ ఈ వయసులో ఎక్కడికెళ్తాడు? నీ పంతానికి ఇంతమంది ఉసురు పోసుకుంటావా? పైగా నీకేం నష్టం? రేపు డబ్బు నీ ఖాతాలోనేగా పడేది."

"నా కార్డు మీ పర్సులో ఉందిగా."

"ఎవరి దగ్గరుంటే ఏమిటి? నీదీ నాదీ వేరా?"

గుమ్మం దగ్గర అక్క, బాబాయ్ వచ్చి నిలబడ్డారు. వాళ్ళ ముందు ఇంకేం మాట్లాడతాను? అక్క నావైపు చూడకుండా చల్లారిన ఇస్త్రీపెట్టె మీద దుమ్ము తుడుస్తోంది. పెన్ను తీసుకున్నాను. మూత తీశాను. సరిగ్గా అప్పుడే బయట స్కూటర్ ఆగింది.

అధికారి ఆడమనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. మాస్కు పైన కళ్ళ కింద నల్లటి వలయాలు, చేతిలో ఇలాంటి ఫైళ్ళు ఇంకో పదిహేను. కూర్చోమన్నా కూర్చోలేదు. రెండు ఫారాలూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి, "ఈ రెండూ రాసింది మీరేనా?" అంది నన్ను.

"నేనేనండీ."

"ఏది నిజం?"

"మా ఆవిడ షాపులోనే..." అని మా ఆయన అందుకున్నాడు.

"మిమ్మల్ని కాదు. ఆవిడని అడిగాను."

"పని చేస్తానన్నదే నిజమండీ."

"అయితే ఇంటి సహాయంలో మీ వంతు తిరిగి కట్టాలి. తెలుసు కదా?" మా ఆయన చెయ్యి జేబులో పర్సు మీదకి పోయింది. కారు గుర్తొచ్చి ఉంటుంది. ఆవిడ ఏదో రాసుకుని మళ్ళీ తలెత్తింది. "చాలా షాపుల్లో భార్యల పేర్లే రాస్తున్నారు. మీరు నిజంగా పనిచేస్తారని నేనెలా నమ్మను?"

తొమ్మిదేళ్ళకి సాక్ష్యం ఎక్కడినుంచి తేను? తీసేసిన మరక ఎక్కడా కనబడదు కదా. అప్పుడే ఆవిడ చెయ్యి కౌంటర్ మీద కనబడింది. లేతరంగు చొక్కా, మణికట్టు దగ్గర గోధుమరంగు మచ్చ, అంచులు పాకి ఉన్నాయి.

"అది బీరువాదాండీ?" అన్నాను.

ఆవిడ చెయ్యి తిప్పి చూసుకుంది. "ఇదా? ఏమో. ఎంత ఉతికినా పోవట్లేదు." అని మా ఆయన వైపు తిరిగింది. "బయట బోర్డు మీద మరకల మాస్టర్ అని మీ బొమ్మే ఉంది కదా. మీరు చెప్పండి, ఇదేం మరక?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "కాఫీ అండీ. వేణ్ణీళ్ళూ సబ్బూ."

బాబాయ్ దగ్గుని అడ్డం పెట్టుకుని నవ్వు మింగాడు. నేను ఇంక ఆగలేకపోయాను. "కాఫీ కాదండీ, తుప్పు. ఇనప బీరువా తలుపుకి రాసుకుని ఉంటుంది. మీరు బ్లీచింగ్ వేశారు, అందుకే ఇంకా ముదిరింది. నిమ్మరసం, ఉప్పు కలిపి రాసి ఓ గంట ఎండలో పెట్టండి, తర్వాత చన్నీళ్ళతో జాడించండి. ఒక్కసారికి పోదు. మూడోసారికి పోతుంది."

ఆవిడ నా వైపు చూసింది. పొద్దుటినుంచీ, కాదు, చాలా ఏళ్ళనుంచీ ఈ గదిలో ఎవరూ నన్నలా చూడలేదు. "రికార్డు గదిలో ఇనప బీరువాలే" అంది మెల్లగా. నా పేరుకెదురుగా ఒక టిక్కు పెట్టింది. "సరే. రిజిస్టర్ చూపించండి."

మా ఆయన రిజిస్టర్ జరిపాడు. ఆవిడ వేలు అక్క సంతకాల మీదుగా, బాబాయ్ వేలిముద్రల మీదుగా దిగి, నా ఖాళీల దగ్గర ఆగింది.

"సంతకాలు లేవేం?"

"ఇంటిపనుల్లో పడి మర్చిపోతుంటుందండీ. పెట్టవే, మేడమ్‌కి ఆలస్యమవుతోంది" అని ఆయన నవ్వుతూ నా మోచేతిని పట్టుకున్నాడు. నవ్వుతూనే గట్టిగా నొక్కాడు.

పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. అక్క ఇస్త్రీపెట్టె తుడవడం ఆపేసింది. ఒక్క సంతకం, ఆరుసార్లు. పెడితే అక్క ఇంటి సామాను ఇంట్లోనే ఉంటుంది. పెడితే, నేనూ జీతం తీసుకున్న మనిషినే, నాకెవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు అని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు. అధికారి వైపు తిరిగి అడిగాను.

"అమ్మా, జీతం ఇవ్వకుండా బకాయి ఉంటే షాపుకి సహాయం ఆగిపోతుందా?"

మోచేతి మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఆగదు. ఈ రోజుల్లో బకాయి లేనిదెవరికి?" అంది ఆవిడ. "పనిచేసినట్టు తేలితే చాలు. కాకపోతే బకాయి ఉన్నట్టు ఫారంలో రాయాలి. ఆ బకాయి తీర్చాల్సింది యజమాని. తీర్చేదాకా మా కార్యాలయంలో ఫైలు మూయరు."

"మిగతావాళ్ళ సహాయం?"

"వాళ్ళకీ దీనికీ సంబంధం లేదు. వారంలో పడిపోతుంది."

అక్క వైపు చూశాను. ఆవిడ ఈసారి కళ్ళు తిప్పుకోలేదు.

"ఆ ఫారం ఒకసారి ఇలా ఇవ్వండమ్మా. తొందరలో ఒక గడి వదిలేశాను."

మోచెయ్యి విడిపించుకోవడానికి పెద్ద బలమేమీ పట్టలేదు. ఆవిడ చూస్తుండగా ఆయన ఎంతసేపు పట్టుకుంటాడు? ఫారం ముందుకి లాక్కుని, నా పేరుకెదురుగా, పాలు పొంగడం వల్ల మిగిలిపోయిన ఆ చోటులో రాశాను. గుండ్రంగా, కుదురుగా. కింద నా సంతకం పెట్టాను. రిజిస్టర్ మూసి మా ఆయన వైపు జరిపాను.

ఆవిడ ఫారం తనవైపు తిప్పుకుని చదివింది. మళ్ళీ చదివింది. "నూట ఎనిమిది నెలలా?"

"ఏమే, మతి గానీ పోయిందా?" మా ఆయన నిజంగానే అరిచాడు. "ఎవరు రాయమన్నారే నిన్నలా?"

నేను పెన్నుకి మూత పెట్టాను. ఆయన నేర్పినట్టే, కింద చూడకుండా, సూటిగా ఆయన కళ్ళల్లోకే చూస్తూ అన్నాను.

"మీరేగా. తొమ్మిదేళ్ళు అని మీరు చెబితేనే రాశాను. నెలల్లోకి మార్చానంతే."